కలవని బియ్యం

సీలు వేయాలంటే లక్క కరగాలి, లక్క కరగాలంటే మంట కావాలి. చర్చి వెనక గదికి సీలు వేయడానికి వచ్చిన ఎస్సై భూమేశ్ ఆ మంటను చర్చి కొవ్వొత్తితోనే వెలిగించుకున్నాడు. మన కట్టెతో మన వీపే వాయించడమంటే ఇదే అనుకుంటూ మనీషా స్కూటీ దిగింది.

“ఆగుండ్రి ఎస్సై సాబ్!”

భూమేశ్ తలెత్తలేదు. “అచ్చిన్రా మేడం? ఇంకా రాలేదేంది అనుకుంటున్న.”

“ఊర్మిలను జీపుల ఎందుకు కూసోపెట్టిన్రు?”

“కోరుట్ల అంతా తిప్పి చూపిద్దామని.” కొవ్వొత్తి పక్కన పెట్టి అప్పుడు చూశాడు ఆమె వైపు. “డాక్టర్ల రిపోర్టు గంట కింద అచ్చింది. లచ్చయ్య తిన్న బియ్యంల పురుగుల మందు కలిసింది. సంచి గీ గదిదే. గీ గదికి పెద్ద ఊర్మిల. ఇంకేం గావాలె మీకు?”

బుధవారం మధ్యాహ్నం లచ్చయ్య వాంతులు చేసుకుని పడిపోతే ఎండదెబ్బ అన్నారు అందరూ. మనీషా మాత్రం నమ్మలేదు, బియ్యం పరీక్ష చేయించమని పోలీసుల వెంటపడింది. నమ్మకపోవడమే ఆమె వృత్తి. జగిత్యాలలో జిరాక్సు షాపు మీద ఒక గది, గదికి ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని ఒక బోర్డు ఆమె ఆస్తి. ఆ బోర్డు చూసి వచ్చేవి రెండు రకాల కేసులే. ఒకటి పెళ్ళికొడుకు గుణగణాలు, రెండోది గల్ఫ్ ఏజెంట్ల మోసాలు. ఈ ఏడాదంతా ఆమె పడింది రెండో రకం మనిషి వెంట. సిరిసిల్లలో జైపాల్ అని ఒక ఏజెంటు. ఊళ్ళ నుంచి పిల్లలను పంపి, అక్కడ వాళ్ళ పాస్‌పోర్టులు గుంజుకుని, గొడ్డుచాకిరీకి అమ్మేసిన పెద్దమనిషి. సోమవారం సిరిసిల్ల కోర్టులో అతని మీద సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. మగ్గాలు మూతపడ్డాక అతని ఆఫీసులో కాపలా ఉండి అన్నీ కళ్ళారా చూసిన లచ్చయ్య ఒకరు. కొడుకును అక్కడ పోగొట్టుకున్న రాయికల్ భూమవ్వ ఇంకొకరు.

ఆ లచ్చయ్య ఇప్పుడు జగిత్యాల దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఇక్కడ చూస్తే, నేరం జైపాల్‌ను వదిలేసి ఊర్మిల మెడకు చుట్టుకుంటోంది.

జీపులోంచి ఊర్మిల పిలిచింది. “అక్కా, నన్ను ఎటన్న తోలుకపోనీ. గది మాత్రం మూయనియ్యకు. ఇయ్యాల శనివారం. సంచులన్నీ కట్టి ఉన్నయ్. గీ సంచి మీదనే పొయ్యి అంటుకునే ఇండ్లు మస్తు ఉన్నయ్.”

గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. ఊర్మిల అసలు మనిషే అంత. ఆ చర్చి ఆడవాళ్ళకు ఒక పాత అలవాటు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి దేవుడికి ఇస్తారు. కరోనా ఏడాదిలో ఊర్మిల పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, దేవుడికి ఆకలి అవుతుందా అని మొహం మీదే అడిగింది. ఆయన నవ్వి వెనక గది తాళంచెవి చేతిలో పెట్టారు. అప్పటి నుంచి చర్చికి వచ్చేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, మసీదుకు పోయేవాళ్ళు అందరూ పిడికెడు తీస్తున్నారు. జీతం లేని వాలంటీర్లు సంచులు కట్టి శనివారం శనివారం పంచుతున్నారు. ఊరు దానికి ‘పిడికెడు గది’ అని పేరు పెట్టుకుంది.

“ఎస్సై సాబ్, గా సంచిలకెళ్లి తీసిన బియ్యం జర చూపియ్యుండ్రి.”

“ఎందుకు? ఎసరు పెడ్తరా?”

“ముట్ట. కవర్ల నుంచే చూస్త.”

భూమేశ్‌కు ఆమె అంటే ఎందుకు పడదో చెప్పాలి. పోయినేడు అతను ‘మంచోడు’ అని వదిలేసిన దొంగను ఆమె రెండు వారాల్లో పట్టించి పేపర్లో ఫోటో వేయించుకుంది. ఆ పేపరు కటింగు ఎవరో స్టేషను గోడకు అంటించారట. అయినా మనిషి చెడ్డవాడు కాదు, మొండివాడు. కానిస్టేబుల్‌కు సైగ చేస్తే సీలు వేసిన ప్లాస్టిక్ కవరు వచ్చింది.

మనీషా దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. ఒకటే సైజు, ఒకటే రంగు. మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం. చూస్తుంటే ఆమెకు నవ్వు వచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

“ఏమైంది?” అన్నాడు భూమేశ్.

“గిది గీ గది బియ్యం కాదు.”

“సంచి గీ గదిదే.”

“సంచి గిదే. బియ్యం కాదు. లోపలికి రాండ్రి.”

గది మధ్యలో పెద్ద నీలం డ్రమ్ము ఉంది. మనీషా మూత తీసి చెయ్యి లోపలికి పెట్టి పిడికెడు తీసి అతని అరచేతిలో పోసింది. దొడ్డు గింజ, సన్న గింజ, ఎర్రగా ఉప్పుడు బియ్యం గింజ, మధ్యలో నూకలు. కోరుట్లలో ఎన్ని వంటిళ్ళు ఉన్నాయో అన్ని రకాలూ ఆ అరచేతిలోనే ఉన్నాయి.

“వంద ఇండ్ల పిడికెడు కలిస్తే గిట్లనే ఉంటది సాబ్. ఒక్క తీరు బియ్యం గీ గదిలకెళ్లి పోవుడు అయ్యేపనే కాదు.”

భూమేశ్ తక్కువ తిన్నవాడు కాదు. “పోయిన నెల మిల్లోళ్లు బస్తాలు ఇచ్చిన్రు గదా? గవి సన్నయే. గా బస్తాలకెళ్లి నింపి ఉంటరు.”

“గవి సుత డ్రమ్ములనే పోసినం!” జీపులోంచే అరిచింది ఊర్మిల. “మొదట్ల కలపకపోయేది సార్. ఒకామెకు సన్నయి పోయినయ్, ఒకామెకు దొడ్డువి పోయినయ్. ‘నేనేం పాపం చేసిన’ అని గా ముసలామె గీ వాకిట్లనే కూసొని ఏడ్సింది. గప్పటిసంది ఎవలేమిచ్చినా ఒక్కటే డ్రమ్ము. ఒకల సంచి ఇంకొకల సంచి కన్నా మంచిగ ఉండొద్దు. మేం సుత పంచే ముందు గదే వండుకొని తింటం.”

ఆ అన్నం మనీషా ఒకసారి తిన్నది. సగం ముద్దయింది, సగం పలుకు. ఇదేం బువ్వే అని అడిగితే, పంచేవాళ్ళు తినలేనిది పంచే హక్కు లేదని ఊర్మిల రెండో గరిటె కూడా వడ్డించింది.

“కావాలని సన్నయి ఏరి కట్టొచ్చు గదా,” అన్నాడు భూమేశ్, ఈసారి కొంచెం నెమ్మదిగా.

“డ్రమ్ములకెళ్లి సంచెడు సన్నయి ఏరాల్నంటే ఊర్మిలకు వచ్చే క్రిస్మస్ దాక పడ్తది. లచ్చయ్య అర్ర చూద్దాం పాండ్రి. గాడ నాకు ఏం దొరకకపోతే నేనే కొవ్వొత్తి పట్టుకుంట, మీరు సీలు వేసుకోండ్రి.”

లచ్చయ్య గది రెండు వీధుల అవతల ఉంది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు చిన్న గూడు, గూట్లో ఒక రేకు డబ్బా. పోలీసులు బుధవారం పొయ్యి పక్కన తెరిచి ఉన్న సంచిని తీసుకుపోయారు, అంతకు మించి వెతకలేదు. మనీషా డబ్బా బోర్లించి చూసి, ఏమీ లేదని పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి దూరింది. చీర చెంగుకు దుమ్ము, జుట్టుకు బూజు అంటుకున్నా బయటికి వచ్చేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. చేతిలో ఇంకో సంచి ఉంది.

అదే తెల్ల గుడ్డ, అదే ఆకుపచ్చ అంచు. సిరిసిల్ల మగ్గాల మీద మిగిలిన ముక్కలతో చర్చి ఆడవాళ్ళు కుట్టే సంచి. ముడి విప్పింది. లోపల సగం దాకా బియ్యం ఉన్నాయి, అన్ని రకాలూ కలిసిన బియ్యం.

“గిది పోయిన శనివారం సంచి,” అంది ఆయాసపడుతూ. “సగం మిగిలే ఉంది. ఇంట్ల సగం సంచి ఉన్నోడు కొత్త సంచి ఎందుకు విప్పిండు? అసలు కొత్త సంచి ఎట్లచ్చింది?”

జవాబు గడపలో నిలబడ్డ పక్కింటి సాయమ్మ చెప్పింది. బీడీలు చేసి చేసి వేళ్ళ చివర్లు పచ్చబడిన మనిషి. “మంగళారం అచ్చింది బిడ్డా గది.”

“మంగళారమా? నువ్వు చూసినవా అవ్వా?”

“తెచ్చినోన్ని చూల్లే. బీడీ కార్ఖానల ఉంటి. పొద్దుమూకి అచ్చేసరికి మంచం మీద కొత్త సంచి. ‘సన్నబియ్యం పంపిన్రు సాయమ్మా, నా కాలు నొస్తుందని ఇంటికే తెచ్చిన్రు’ అని ఒకటే మురిసిండు. నాకింత పోస్తనన్నడు. నాకు దండిగున్నయ్, నువ్వే తిను, కడుపుకు ఒక్కసారన్న మంచిగ తిను అన్న.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గట్ల అన్న బిడ్డా నేను.”

“ఎవలు తెచ్చిన్రని అడగలేదా?”

“అడిగిన. ‘మనోళ్లే’ అన్నడు.”

మంగళవారం సాయంత్రం కొత్త సంచి. బుధవారం మధ్యాహ్నం వాంతులు. పిడికెడు గది తెరిచేది శనివారం ఒక్కరోజే. లెక్క సరిపోయింది. వాడేసిన సంచి ఒకటి దొరకబుచ్చుకుని, అందులో అంగడి బియ్యం, విషం పోసి ఎవరో ఇచ్చిపోయారు. డ్రమ్ము సంగతి వాళ్ళకు తెలియదు.

“జైపాల్ మనిషి,” అంది మనీషా.

“మనోళ్లే అన్నడంటే లోపలోళ్లు గావొచ్చు,” అన్నాడు భూమేశ్.

“లోపలోళ్లయితే సన్నబియ్యం ఎందుకు పోస్తరు సాబ్? కలిసిన బియ్యంల కలిపితే మీకు నాకు ఎవ్వలికీ అనుమానమే రాకపోవు. గా సంచి చేతుల ఉంటె ఎవలైనా మనోళ్లే అనుకుంటడు ముసలాయన.”

భూమేశ్ గడ్డం గోక్కున్నాడు. ఓడిపోవడం అతనికి తెలుసు కానీ అలవాటు లేదు. “సరే. సీలు వెయ్య. ఊర్మిలను దింపుత. కానీ ఇయ్యాల పంచుడు ఆపుండ్రి. ఒక్క రోజు.”

“ఎందుకాపాలె? డ్రమ్ముల తప్పేం లేదని మీ కండ్లతోని చూసిన్రు. గిప్పుడు ఆపితే రేపటికి ఊరంతా ఏమనుకుంటది? పిడికెడు గదిల విషం ఉన్నదనే అనుకుంటది.”

“ఏమన్న అయితే?”

“ఏమన్న అయితే నాది బాధ్యత,” అంది మనీషా. ఆమె ఆ మాట ఎంత దర్జాగా అన్నదంటే, పక్కనున్న కానిస్టేబుల్ కూడా తల ఊపాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి గది ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. శ్రీహరి దిగాడు. రెండేళ్ళుగా డీజిలు ఖర్చు తప్ప పైసా తీసుకోకుండా రాయికల్ వైపు సంచులు మోసే వాలంటీరు, ఎప్పుడూ నవ్వుముఖమే. చేతిలో మిఠాయి డబ్బా ఉంది.

“ముందుగాల నోరు తీపి చేసుకోండ్రి. కువైట్ వీజా అచ్చింది! సోమవారం రాత్రికే ఫ్లైటు.” అందరికీ పంచుతూ మనీషా చేతిలో కూడా ఒక పేడా పెట్టాడు. “ఆటోకు పంచరైంది అక్కా, గిప్పుడే అచ్చిన. పోలీసు జీపు ఏంది? ఏమైంది?”

“అంత సక్కగైంది,” అంది ఊర్మిల. జీపు దిగిన సంతోషంలో ఆమె ఎవరికీ ఏదీ వివరించే స్థితిలో లేదు. “సంచులు ఎక్కియ్యి. జర ఆగి బువ్వ తినిపో.”

“వద్దక్కా. తింటె స్టీరింగు మీదనే నిద్రొస్తది, నీకెరుకే గదా. రాయికల్ల ఇచ్చి, గట్లనే జగిత్యాల పోయి లచ్చయ్య తాతను చూసి అస్త. పాపం, తమ్ముని బిడ్డ ఒక్కతే చూసుకుంటున్నది.”

ఎంత మంచి పిల్లవాడు అనుకుంది మనీషా పేడా నోట్లో వేసుకుంటూ. ఆటో కదిలింది. ఆమె వెంటనే భూమవ్వ పక్కింటికి ఫోన్ చేసి ముసలామెను పిలిపించింది. జైపాల్ ఒక సాక్షిని పడగొట్టాడు, రెండో సాక్షిని ఊరికే వదలడు.

“భూమవ్వా, సోమవారం దాక ఎవ్వలేమిచ్చినా నోట్లె పెట్టకు. సుట్టాలు తెచ్చినా సరే. మన పిడికెడు సంచి అస్తున్నది, గదొక్కటే వండుకో. సమజైందా?”

“సమజైంది బిడ్డా. గా సంచి కోసమే ఎదురు చూస్తున్న.”

ఫోన్ పెట్టేసి మనీషా హాయిగా ఊపిరి పీల్చింది. గంట తర్వాత గదిలో వాలంటీర్లు విస్తళ్ళు వేసుకుని కూర్చున్నారు. గంజి వాసన కమ్మగా వస్తోంది. సంచుల కోసం వచ్చిన ముసలివాళ్ళు గుమ్మంలో వరుస కట్టారు. వరుసలో మొదటి ఆమె సంచి తీసుకునే ముందు, చంకలోంచి ఒక చిన్న డబ్బా తీసి డ్రమ్ములో గలగలా పోసింది.

“అదేంది?” అంది మనీషా. “తీసుకునేటోళ్లు సుత పోస్తరా?”

“పొయ్యనియ్యకపోతే తీసుకుంటరా?” ఊర్మిల నవ్వింది. “వండినప్పుడల్లా వాళ్లు సుత పిడికెడు తీస్తరు. మేం ఏమన్న బిచ్చపోళ్లమా అంటరు. గది వాళ్ల రోషం అక్కా.”

మనీషా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. లచ్చయ్య గదిలో గోడ గూట్లో ఒక రేకు డబ్బా చూసింది తను. మూత తీసి, బోర్లించి, ఏమీ లేదని పక్కన పెట్టింది. ఖాళీ డబ్బా. ఎందుకు ఖాళీగా ఉంది? వండినప్పుడల్లా పిడికెడు తీసే మనిషి బుధవారం కూడా వండాడు, ఆ విషపు సంచిలోంచే.

వరుసలో నాలుగో మనిషి సాయమ్మ. మనీషా రెండు అంగల్లో ఆమె దగ్గరికి వెళ్ళింది.

“అవ్వా, లచ్చయ్య పిడికెడు డబ్బ ఎవలు తీసిన్రు?”

“నేనే బిడ్డా.” సాయమ్మ ముఖంలో కొంచెం గర్వం కూడా కనిపించింది. “పొద్దుగాలనే తెచ్చి గా డ్రమ్ముల పోసిన. మనిషి దవాఖానల ఉంటె ఆయన పిడికెడు ఆగొద్దు గదా.”

బయట, పంపకం మొదలయ్యేదాకా ఆగిన భూమేశ్ జీపు స్టార్టు అవుతోంది. పొద్దున్నే పోసింది. ఆ తర్వాతే కలిపారు, ఆ తర్వాతే సంచులు కట్టారు.

“ఎవ్వలు తినకుండ్రి! ముద్ద కింద పెట్టుండ్రి!”

ఒకరి చెయ్యి నోటి దాకా వెళ్ళింది. ఊర్మిల ఒక్క దూకు దూకి ఆ చేతి మీద కొట్టింది. అన్నం గోడకు ఎగిరింది. గుమ్మంలో సంచులు పట్టుకున్న ముసలివాళ్ళు బిత్తరపోయి చూశారు. తన వల్ల ఏదో జరిగిందని సాయమ్మకు అర్థమైంది, ఏం జరిగిందో అర్థం కాలేదు. నిలబడ్డచోటే కూలబడింది.

ఒక్క పిడికెడే కావచ్చు. డ్రమ్ములో అది ఏ మూలకు పోయిందో, ఏ సంచిలోకి ఎంత పోయిందో, ఎవరి గిన్నెలోకి పోతుందో దేవుడికే తెలియాలి. మనీషాకు తన మాటే చెవుల్లో మోగింది. నాది బాధ్యత.

భూమేశ్ లోపలికి వచ్చేశాడు. రెండు ముక్కల్లో సంగతి విన్నాడు. ‘నేను చెప్పలేదా’ అనే హక్కు అతనికి పూర్తిగా ఉంది. అనలేదు. అందుకు ఆమె అతనికి జీవితాంతం రుణపడి ఉంటుంది.

“కోరుట్లల ఎన్ని సంచులు పోయినయ్?”

“ఒక్కటి సుత పోలే. గిప్పుడే మొదలువెట్టినం,” అంది ఊర్మిల. “రాయికల్ ఆటోనే పోయింది. శ్రీహరి ఫోన్ ఎత్తుతలేడు.”

“ఆటో నడిపేటోడు ఎట్లెత్తుతడు?” అన్నాడు భూమేశ్. “మేడం, జీపెక్కు.”

రాయికల్ దాకా భూమేశ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మనీషా ఫోన్ చెవికి అంటించుకుని భూమవ్వ పక్కింటికి చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. రాయికల్ స్టేషను వాళ్ళు ఈలోగా ఊర్మిల చెప్పిన ఇళ్ళకు పరుగెత్తి సంచులు తిరిగి తీసుకుంటున్నారు. ఎవరూ ఇంకా పొయ్యి మీద పెట్టలేదని ఒక్కొక్కటే కబురు వస్తుంటే ఆమె ప్రాణం లేచివస్తోంది. మిగిలింది ఊరి చివర భూమవ్వ ఇల్లు ఒక్కటే.

తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద ఎసరు కుతకుతా మరుగుతోంది. పక్కన పీట మీద కూర్చుని భూమవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది.

“పొయ్యకు అవ్వా!” మనీషా చాటను లాగేసుకుంది.

భూమవ్వ ఉలిక్కిపడింది. “ఏమైంది బిడ్డా? నువ్వు చెప్పినట్టే చేసిన గదా? పక్కింటోళ్లు పెండ్లికి పోవుకుంట ఇంత చారు ఇస్తమన్నా వద్దన్న. గీ సంచి కోసమే చూసుకుంట కూసున్న. గదో, పిడికెడు సుత ముందే తీసిపెట్టిన.”

పొయ్యి గట్టు మీద చిన్న రేకు డబ్బా, అందులో పిడికెడు బియ్యం. మనీషాకు ఆనందంతో ఏడుపు వచ్చింది. సమయానికే చేరుకున్నారు. అన్ని సంచులూ దొరికాయి, ఎవరికీ ఏమీ కాలేదు. చాటను నేల మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

భూమేశ్ మాత్రం కూర్చోలేదు. వంగి చాటలోకి చూస్తున్నాడు. వేలితో గింజలను అటూ ఇటూ జరిపాడు.

“మేడం,” అన్నాడు చివరికి. “గీ బియ్యం కలవలేదు.”

ఆమె చాట వైపు తిరిగింది. ఒకటే సైజు, ఒకటే రంగు. మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం.

ఇది డ్రమ్ము నుంచి వచ్చిన సంచి కాదు. ఇందులో ఉన్నది దారితప్పి కలిసిన ఒక్క పిడికెడు విషం కాదు, సంచికి సంచీ విషమే. సాయమ్మ పొద్దున ఆ డబ్బా పోయకపోయి ఉంటే ఇవాళ ఎవరూ సంచుల వెంట పరుగెత్తేవాళ్ళు కాదు. ఈ ముసలామె మనీషా మాట నమ్మి, మనీషా చెప్పిన సంచే వండుకుని, కాసేపట్లో తినేసి ఉండేది. ఆ అమాయకురాలి పొరపాటే ప్రాణం నిలబెట్టింది.

“అవ్వా, గీ సంచి నీకు ఎవలిచ్చిన్రు?”

“ఆటో పిలగాడే. అందరికి కుప్పల నుంచి తీసిచ్చిండు, నాకు మాత్రం సీటు కిందికెళ్లి తీసిచ్చిండు. ‘గిది నీకే అవ్వా, మంచి బియ్యం’ అన్నడు.”

మనోళ్లే. భూమేశ్ చెప్పింది సగం నిజం, తను చెప్పింది సగం నిజం. లోపలివాడే, కానీ డ్రమ్ము సంగతి తెలియనివాడు. సంచులు కట్టాక వచ్చేవాడు, ముడి విప్పి ఒక్కసారైనా లోపలికి చూడనివాడు. అందరూ విస్తరి ముందు కూర్చున్నప్పుడు నిద్ర వస్తుందని చెప్పి రెండేళ్ళుగా ఆ అన్నం ఒక్క ముద్ద కూడా ముట్టనివాడు. ఖాళీ సంచులు తిరిగి తెచ్చేదీ అతనే. సోమవారం రాత్రి కువైట్ ఫ్లైటు. ఈ చుట్టుపక్కల అంత తొందరగా వీజా తెప్పించగలిగేది ఎవరు? జైపాల్. పేడా తీపి నోట్లో చేదుగా మారింది.

ఆమె ఫోన్ మోగింది. దవాఖానలో లచ్చయ్య దగ్గర ఉంటున్న అతని తమ్ముడి కూతురు రాధ. గొంతు సంతోషంతో గలగలలాడుతోంది.

“అక్కా! పెద్దబాపు కండ్లు తెరిచిండు! నన్ను గుర్తుపట్టిండు! డాక్టరు జావ తాగిపియ్యచ్చన్నడు.”

మనీషా లేచి నిలబడింది. “ఇంకా తాగిపియ్యలేదు గదా?”

“గిప్పుడే. శ్రీహరన్న అచ్చిండు. క్యారియర్ల జావ తెచ్చిండు, ఎంత మంచోడక్కా! ఆయననే చెంచాతోని తాగిపియ్యబోతున్నడు. ఫోన్ ఆయనకియ్యాల్నా?”

అరిస్తే అతనికి వినబడుతుంది. వినబడితే, చెయ్యి ఒక్క జానెడు ముందుకు కదిలితే చాలు. మనీషా గొంతులోకి నవ్వు తెచ్చుకుంది. భూమేశ్ అప్పటికే తన ఫోన్‌లో జగిత్యాల దవాఖాన పోలీసు అవుట్‌పోస్టును పిలుస్తున్నాడు.

“వద్దు రాధా. నవ్వుకుంటనే నేను చెప్పింది చెయ్యి. మన పిడికెడు గదిల ఒక రివాజు ఉంది. పెట్టేటోడు ముందుగాల తినాలె. మొదటి చెంచా శ్రీహరన్ననే తాగుమను. ఊర్మిలక్క చెప్పమన్నదని చెప్పు.”

“గంతేనా?” రాధ నవ్వింది. ఫోన్ చెవి నుంచి కొంచెం దూరం పెట్టి అవతలికి చెప్పడం వినిపించింది. “శ్రీహరన్నా, మొదటి చెంచా నువ్వే తాగాల్నట. ఊర్మిలక్క చెప్పింది.”

మనీషా చెవిలో దవాఖాన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే.

“అన్నా?” అంది రాధ మళ్ళీ. ఈసారి గొంతులో నవ్వు లేదు.

క్యారియర్ నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే వరండాలో పరుగెత్తుతున్న అడుగులు.